కట్టిన సముద్రం

అద్దం తలుపు దానంతటదే తెరుచుకుంది. లోపల్నించి ఎవరో పెద్దవాళ్ళు బయటికొస్తున్నారనుకుని ముత్యాలు చెంగు సర్దుకుని పక్కకి తప్పుకుంది. ఎవరూ రాలేదు. తలుపు మూసుకుంది. సరే గదా అని ఒకడుగు ముందుకేసింది. మళ్ళీ తెరుచుకుంది. మళ్ళీ తప్పుకుంది. ఇలా ఎంతసేపు సాగేదో గానీ, వెనక నిలబడ్డ మొగుడు మసేనుకి ఒళ్ళు మండింది.

"ఏటే ఆ కోలాటం? ఎల్లు లోపలికి!" అని వీపు మీద చెయ్యేసి నెట్టాడు.

లోపల ఎంత చల్లగా ఉందంటే, జూన్ ఎండలో బస్సులో ఉడికొచ్చిన ముత్యాలుకి ఒళ్ళంతా గగుర్పొడిచింది. నల్లకోటు వేసుకున్న అమ్మాయి ఒకతి రెండు చేతులూ జోడించి, "ఆసొంతు మావుసీ, బొసొంతు" అంది. రండి పిన్నీ, కూచోండి అని ఒరియాలో మర్యాద చేస్తోంది. ఎవరబ్బా ఆ పిన్ని అని ముత్యాలు వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. పిన్ని తనే! అరవయ్యో ఏటికి దగ్గరపడిన బతుకులో కోటు వేసుకున్నవాళ్ళు తనకి దణ్ణం పెట్టడం అదే మొదలు. చేతిలో ఎండు నెత్తళ్ళ చేపల సంచి ఉండటంతో తిరిగి దణ్ణం పెట్టడానికి కూడా వీల్లేకపోయింది.

అసలు వీళ్ళిద్దరూ ఇక్కడికెందుకొచ్చారో చెప్పాలి.

మసేనుది పొడంపేట, ఒరిస్సా ఒడ్డున జాలర్ల ఊరు. సొంత బోటు, సొంత వల, కావలసినంత కోపం ఉన్న మనిషి. తాబేళ్ళు గుడ్లు పెట్టడానికొచ్చే నెలల్లో రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర సర్కారు వేట బందు పెడుతుంది. ఊళ్ళో కుర్రాళ్ళు అప్పుడు ఎక్కడెక్కడో పనులు వెతుక్కుంటారు. బందు ఎత్తెయ్యగానే చేతిలో ఏ పనున్నా విదిలించుకుని బోటెక్కేస్తారు. వాళ్ళబ్బాయి ప్రకాష్ కూడా అలాగే వెళ్ళాడు. బరంపురంలో ఒక ఈతకొలను దగ్గర, మునిగేవాళ్ళని పైకి తీసే పని నేర్చుకున్నాడు. రంభ దగ్గర చిలికా సరస్సు ఒడ్డున కట్టిన ఈ పెద్ద హోటల్లో కుదిరాడు. హోటలు పక్కనే వాళ్ళదే నీళ్ళ పార్కు ఒకటి, రాకాసి బల్లుల బొమ్మల పార్కు ఒకటి ఉన్నాయి. నీళ్ళ పార్కులో కాపలా అతని డ్యూటీ. తాబేళ్ళు వెళ్ళిపోయాయి. బందు ఎత్తేశారు. ఊళ్ళో కుర్రాళ్ళందరూ తిరిగొచ్చారు. ప్రకాష్ రాలేదు.

"తాబేళ్ళయినా నయం, ఏడాదికోపాలి ఒస్తాయి" అన్నాడు మసేను.

తర్వాత అదే పాట. నా బోటులో నా కొడుకు తప్ప అడ్డమైనోడల్లా ఉన్నాడు. సముద్రం మీద పుట్టినోడు సెరువు కాపలా కాస్తన్నాడు. ఊళ్ళో తలెత్తుకోలేకపోతన్నాను. వినీ వినీ ముత్యాలు చెవులు తుప్పుపట్టాయి.

ముత్యాలు మనసులో మాట మాత్రం వేరే. మసేను తమ్ముడు సోములు మొగ దగ్గర బోటు తిరగబడి చనిపోయినప్పట్నించీ, బోటు బయల్దేరిందంటే ఆవిడకి మెతుకు దిగదు. మొగుడు వెళ్తే ఒక్క భయం, కొడుకూ ఎక్కితే రెండు. కొడుకు నేల మీద ఉండాలి. అంతే! దేవుణ్ణి ఆవిడ అడిగేది అదొక్కటే. కానీ నోరు తెరిచి ఎలా అంటుంది? పొడంపేటలో వేటకెళ్ళే మనిషి ముందు ఆడది చావు భయం ఎత్తకూడదు. ఎత్తితే తనే కీడు కోరినట్టు. అందుకని మింగుకునే కూచుంది.

ఆ హోటల్లో ఒక పద్ధతుంది. పనిచేసేవాళ్ళ తల్లిదండ్రుల్ని ఏడాదికొకసారి పిలిచి, అందరు అతిథుల్లాగే ఒక రాత్రి ఉంచుతారు. ప్రకాష్ ఒకపూట సెలవు పెట్టి ఇంటికొచ్చి తండ్రితో చెప్పాడు. "ఒక్క రేత్రి ఉండు నాన్నా. నాను సేసే పని ఏటో నీ కళ్ళతో సూడు. సూసినాక కూడా నువ్వు రమ్మంటే, మర్నాడు సాయంత్రం నీ యెనకే బస్సెక్కెస్తాను. మల్ల మాటాడను."

"మాటేనా?"

"మాటే."

"అలగైతే సంచి సర్దుకోనుండు" అన్నాడు మసేను.

అదీ సంగతి. ముత్యాలుకి ఆ హోటల్లో ప్రతి వింతా రెండు కళ్ళతో చూడాల్సి వచ్చింది. ఒక కన్ను వింత మీద, ఒక కన్ను మొగుడి మొహం మీద. తల్లీ గంగమ్మా, ఈ మనిషికి ఏదో ఒకటి నచ్చేలా చెయ్యి! కానీ మసేను మొహం ఎండు చేప మొహంలాగ ఉంది.

లిఫ్టులో ఇంకొకావిడ ఎక్కింది. ముక్కుపుడక, పట్టుచీర, చేతిలో స్టీలు కేరియరు, పక్కన ఆరేడేళ్ళ మనవరాలు. తలుపు మూసుకోగానే ఎండు నెత్తళ్ళు తమ ఉనికి చాటుకున్నాయి. ఆవిడ చెంగు ముక్కు దాకా వచ్చి, మొహమాటపడి ఆగింది.

"తెలుగువాళ్ళేనా?" అని అడిగింది.

"అవునమ్మా, పొడంపేట. మా గుంటడికని తెచ్చినాను, ఏటనుకోకండి."

"అనుకోడానికేముందమ్మా, నేనూ తెచ్చుకున్నాను. బయటి తిండి ఎరగను. మా ఆయన ఇంత ఖరీదు హోటల్లో పులిహోరేమిటే అని ఒకటే గొడవ" అని కేరియరు పైకెత్తి చూపించిందావిడ. పేరు భారతీదేవి, బరంపురంలో బట్టల కొట్టట, మనవరాలి పేరు దివ్యశ్రీ అట. లిఫ్టు ఆగేలోపు ముత్యాలుకి ఇవన్నీ తెలిసిపోయాయి. లిఫ్టు కదిలినట్టే తెలీలేదు, తలుపు తెరిస్తే వేరే అంతస్తు! ముత్యాలు నోరు తెరుచుకునే దిగింది.

గది సంగతి ఎలా చెప్పాలి? వాళ్ళ ఇల్లూ, పశువులపాకా, పైన పక్కిల్లూ కలిపినంత ఉంది. దుప్పటి మీద ముడత ఒక్కటి లేదు. స్నానాల గదిలో మీట తిప్పితే కప్పులోంచి గోరువెచ్చటి వాన కురిసింది. ముత్యాలు మొగుణ్ణి చొక్కాతో సహా దాని కిందికి తోసి చేతులు చరిచి నవ్వింది. మసేను తడిసిన మీసాలు తుడుచుకుంటూ, "వాన గదిలోకొస్తే కప్పు బాగు సేయించుకోవాలి గానీ దీనికి సంబడమేటే?" అన్నాడు.

అప్పుడు తెర లాగింది ముత్యాలు.

గోడంతా అద్దమే. అద్దం అవతల చిలికా. ఎండకి మెరుస్తూ, కంటికి ఆనినంత మేరా నీళ్ళే. దూరంగా లంకలు, వాటి మధ్య నాటు పడవలు. ముత్యాలు అద్దానికి రెండు అరచేతులూ ఆనించి అలాగే ఉండిపోయింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించీ నీళ్ళ పక్కనే బతికింది గానీ, నీళ్ళని ఇంత ఎత్తునించి ఎప్పుడు చూసింది? ఎప్పుడు చూసినా ఒడ్డున నిలబడి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, బోటు కనిపిస్తుందా కనిపించదా అనే చూసింది. ఎవరికోసమూ ఎదురుచూడకుండా చూస్తే నీళ్ళు ఇంత అందంగా ఉంటాయా! ఓలమ్మో, ఇన్నాళ్ళూ నాకు తెలీనేలేదే అనుకుంది. ఆవిడ కళ్ళు తడిశాయి. కొడుకు నీళ్ళ పక్కన ఉండీ తను భయపడకుండా ఉండే చోటు లోకంలో ఒకటుందని ఆవిడ ఏనాడూ అనుకోలేదు. ఇక్కణ్ణించి వాణ్ణి కదిలించకూడదు. ఎలాగ మరి?

సాయంత్రం పచ్చిక మీద నడుచుకుంటూ మసేను చిలికా అంచుకి వెళ్ళాడు. వంగి నీళ్ళు కళ్ళకద్దుకున్నాడు, అది అలవాటు. తర్వాత వేలు నాలిక మీద పెట్టుకుని ఉమ్మేశాడు.

"సముద్రమూ కాదు, సెరువూ కాదు. మనోడి ఉజ్జోగం లాగే ఉన్నాయి నీళ్ళు."

ప్రకాష్ పక్కనే ఉన్నాడు. మొహం చిన్నబోయింది. ముత్యాలుకి మొగుడి మీద ఎక్కడలేని కోపం వచ్చింది. కొడుకు చెయ్యి పట్టుకుని అవతలికి తీసుకుపోయి, నెత్తళ్ళ సంచి ఇచ్చి తల నిమిరింది.

పొద్దున్న టిఫిన్ల హాల్లో వరసగా గిన్నెలు, మూతలు, పొగలు. ఏది ఎంత తిన్నా ఎవరూ ఏమీ అనరని చెప్తే ముత్యాలు నమ్మలేదు. అట్టు దగ్గరొకసారి, పూరీ దగ్గరొకసారి వడ్డించేవాణ్ణి అడిగి మరీ రూఢి చేసుకుంది. మసేను చేతులు కట్టుకుని నిలబడి, "చద్దన్నం ఉన్నాదేటి వీలి దగ్గిర? నేదు గదా!" అని తగువు పెట్టుకోబోయాడు. ఉంది. మట్టి పిడతలో పొఖాళొ అనే ఒరియా చద్దన్నం, పక్కన వేయించిన వడియాలు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. మసేను కాసేపు పిడతకేసి చూశాడు. కూచున్నాడు. పిడత ఖాళీ చేశాడు. ఇంకొకటి తెప్పించుకున్నాడు. ముత్యాలుకి ఆశ పుట్టింది.

"ఉప్పు తక్కువ" అన్నాడు మసేను లేస్తూ.

ఇక మిగిలింది నీళ్ళ పార్కొక్కటే. ప్రకాష్ పొద్దున్నే డ్యూటీ ఎక్కేశాడు. వీళ్ళు గేటు దాటేసరికి జనం కిటకిటలాడుతున్నారు. గొట్టాల్లోంచి పిల్లలు కేకలేస్తూ జారి నీళ్ళలో పడుతున్నారు, పడ్డవాళ్ళు లేచి మళ్ళీ మెట్లెక్కుతున్నారు. నడిమధ్యన, తాటిచెట్టంత జారుడు గోపురం పక్కన, ఒక సముద్రం ఉంది.

సముద్రమే! సిమెంటుతో ఏటవాలుగా ఒడ్డు కట్టి, దానికి ఇసకరంగు వేశారు. ఒడ్డు దగ్గర నీళ్ళు మడమల్లోతు, పోనుపోను పీకల్లోతు. నీళ్ళు నీలంగా, కదలకుండా ఉన్నాయి. లోతు వైపు గట్టు మీద నిచ్చెన ఉన్న ఎత్తయిన కుర్చీ. కుర్చీలో ఎర్రచొక్కా వేసుకుని, మెడలో ఈల వేలాడేసుకుని ప్రకాష్.

"సముద్రాన్ని కట్టీసినారే!" అన్నాడు మసేను. మొదటిసారి ఆ గొంతులో వెటకారం లేదు. ముత్యాలు చటుక్కున అతని మొహంకేసి చూసింది. కానీ ఆ మనిషి వెంటనే సర్దుకున్నాడు. "కడితే మాత్రం? అల నేదు, పోటు నేదు, పాటు నేదు. దీనికి కాపలా ఎందుకంట? సాయంత్రం ఆడు మనతో వచ్చెస్తన్నాడు. మరి మాటాడకు."

ముత్యాలు ఒడ్డున చతికిలబడింది. పక్కనే భారతీదేవి చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని పాదాలు తడుపుకుంటోంది. దివ్యశ్రీ గాలి నింపిన బాతునొకదాన్ని నడుముకి తొడుక్కుని గెంతుతోంది.

అప్పుడు మోగింది సైరను.

పొడంపేటలో తుఫాను షెల్టరు మీద సైరనుంది. అది మోగిందంటే వండుతున్న అన్నం వండుతున్నట్టే వదిలెయ్యాలి. పిల్లల్ని చంకనేసుకోవాలి. ఎత్తుకి పరిగెత్తాలి. ఎందుకు, ఏమిటని అడిగేవాడు ఆ ఊళ్ళో బతకడు. చిన్నప్పట్నించీ అది కాళ్ళకి తెలుసు, బుర్రకి తెలియనక్కర్లేదు.

ముత్యాలు ఎప్పుడు లేచిందో ఆవిడకే తెలీదు. దివ్యశ్రీని బాతుతో సహా ఒక చంకలో ఇరికించింది. ఇంకెవరి పిల్లాడో, దొరికినవాణ్ణి దొరికినట్టు ఇంకో చంకలో వేసుకుంది. "రండర్రా! పైకి రండి! సముద్రం ఒచ్చెస్తన్నాది!" అని గావుకేకలు పెడుతూ అన్నిటికంటే ఎత్తుగా కనపడిన జారుడు గోపురం మెట్లెక్కేసింది. తీరా చూస్తే జనం నీళ్ళలోకి పరిగెత్తుతున్నారు! సైరను వినపడగానే ఆడా మగా, పిల్లా జెల్లా, కేరింతలు కొడుతూ ఎదురెళ్తున్నారు. వీళ్ళకేమైనా పిచ్చా? మొదటి మలుపు దగ్గర ముత్యాలు ఊపిరాడక ఆగింది. వెనకే భారతీదేవి రొప్పుకుంటూ వచ్చి పడింది.

"మా పిల్లమ్మా! మా పిల్లని దించమ్మా! మతిగానీ పోయిందా నీకు? అలలొస్తున్నాయని చెప్పే కూత అది!"

"అలలొస్తన్నాయనే గదమ్మా మాకూ మోగుతాది!" అంది ముత్యాలు ఏడుపు గొంతుతో.

భారతీదేవి తిట్టబోయి, ఆవిడ మొహం చూసి ఊరుకుంది. పిల్లని దగ్గరికి తీసుకుని, ముత్యాలు చెయ్యి కూడా పట్టుకుంది. "భయం లేదు. మిషను అలలు. చూడు కావలిస్తే."

చూసింది. నిజమే. లోతు వైపు గోడలోంచి అలలు ఒకదాని వెనక ఒకటి వరసగా పుట్టుకొస్తున్నాయి. ఒక్కటీ గీత దాటడం లేదు. ముత్యాలుకి ఆశ్చర్యం ఆగలేదు. సముద్రానికి మీటలు పెట్టారు, గంట కొట్టి పిలిస్తే వస్తోంది! అంతలో గుర్తొచ్చింది. మసేను ఏడీ?

మసేను ఎత్తుకి పరిగెత్తలేదు. పంచెతో అలాగే నీళ్ళలో దూకి, అలలకి అడ్డంపడి ఈదుకుంటూ కొడుకు కుర్చీ దగ్గరికి చేరుకున్నాడు. నిచ్చెనెక్కి ప్రకాష్ కాలు రెండు చేతులా పట్టుకుని లాగుతున్నాడు. "దిగరా! దిగు నాయనా! ఎలిపోదాం!" ఆ కేకలు గోపురం దాకా వినిపిస్తున్నాయి. నీళ్ళలో జనం అటు తిరిగి పడీ పడీ నవ్వుతున్నారు. ఒకాయన ఫోను పైకెత్తి వీడియో తీస్తున్నాడు. ముత్యాలుకి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అయిపోయింది. కొడుకు పరువు పోయింది, ఉద్యోగమూ పోయింది, ఇక బోటే గతి.

ప్రకాష్ మాత్రం నవ్వలేదు. తండ్రికేసి చూడనైనా లేదు.

"నాన్నా, అడ్డం తప్పుకో. నీళ్ళు అగపడతనేదు."

"ఒరే, నానురా!"

"నువ్వేనని తెలుసు. తప్పుకో."

అంటూనే ఈల ఊది, తండ్రి తల మీదుగా నీళ్ళలోకి దూకాడు. ఎందుకు దూకాడో ఎవరికీ అర్థం కాలేదు. పైనించి చూస్తున్న ముత్యాలుకి మాత్రం కనిపించింది. వీడియో తీస్తున్న పెద్దమనిషి వెనకాల గాలి టైరొకటి బోర్లా తేలుతోంది. దాని కింద చిన్న చెయ్యి. అందరి కళ్ళూ మసేను మీదే ఉన్నాయి, వీడియో తీస్తున్న ఆ పిల్లాడి తండ్రి కళ్ళతో సహా. ప్రకాష్ మునిగి లేచేసరికి భుజం మీద పిల్లాడున్నాడు. ఒడ్డున కూచోబెట్టి వీపు చరిచాడు. పిల్లాడు దగ్గి, నీళ్ళు కక్కి, ఆ తర్వాత లోకం దద్దరిల్లేలా ఏడ్చాడు. ఏడుపు విని ప్రకాష్ వాణ్ణి వాడి తండ్రి చేతిలో పెట్టి, మళ్ళీ వెళ్ళి కుర్చీ ఎక్కేశాడు. మళ్ళీ నీళ్ళకేసే చూస్తున్నాడు. నవ్వులన్నీ ఎప్పుడాగిపోయాయో!

మసేను నిచ్చెన దిగి, గట్టు మీద దాన్ని పట్టుకుని, కొడుకు మొహంకేసి తలెత్తి చూస్తూ నిలబడ్డాడు. ఆ మొహాన్ని అంతకుముందెప్పుడూ చూడనట్టు చూశాడు.

ముత్యాలు దిగి, చంకలో పిల్లాణ్ణి వాడివాళ్ళకి అప్పగించి వచ్చేసరికి మసేను రంగు వేసిన ఒడ్డు మీద తడిబట్టలతో కూచుని ఉన్నాడు. ఆవిడ పక్కన కూచుంది. అలలు ఆగాయి. మళ్ళీ సైరను మోగింది. ఇద్దరూ ఉలిక్కిపడి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు గానీ లేవలేదు. అలా డ్యూటీ అయ్యేదాకా కూచున్నారు. అన్నానికి రమ్మంటే మసేను రాలేదు.

"బోటులో ముందు నిలబడి నీళ్ళు సూసీవోడుంటాడు" అన్నాడు మసేను, నీళ్ళకేసే చూస్తూ. "వల నీళ్ళలో ఉన్నంతసేపూ కన్నతల్లి పిలిసినా ఆడు తల తిప్పకూడదు. సోములు పోయిననాడు మాలో ఎవుడూ సూడనేదే. ఒడ్డు దగ్గిర పడ్డాం గదా అని నవ్వుకుంటన్నాం. నానూ నవ్వుకుంటన్నాను."

ఇన్నేళ్ళలో తమ్ముడి పేరు ఆ నోట రావడం ముత్యాలు వినలేదు. మొగుడి తడి పంచె అంచు పట్టుకుని పిండింది.

సాయంత్రం గేటు దగ్గరికి ప్రకాష్ బట్టల సంచి భుజానేసుకుని వచ్చాడు. ఎర్రచొక్కా విప్పేసి మామూలు చొక్కా తొడుక్కున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మాటిచ్చినవాడు గదా, మాట నిలబెట్టుకుంటున్నాడు.

"ఎల్దుం నాన్నా" అన్నాడు.

మసేను సంచి వంక చూశాడు.

"ఎక్కడికి?"

"నువ్వు రమ్మన్నావు గదా. మాటిచ్చినాను."

"మాట నాకిచ్చినావు, బాగున్నాది. రేపు ఆ కుర్సీలో ఎవుడు కూకుంటాడు? ఆ గుంటల్ని ఎవుడు సూస్తాడు? ఫోన్లట్టుకున్న ఆళ్ళ నాన్నలా?" మసేను గొంతు పెద్దదయింది. "నా తలమీంచి దూకినావురా. నన్ను సూడనేదు, నీళ్ళనే సూసినావు. ఎల్లు. సంచి లోపలెట్టుకో."

ప్రకాష్ అక్కడే నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ముత్యాలు వాణ్ణి పొదువుకుంది. కోరింది దొరికింది. దొరికితే గుండె తేలికవుతుందనుకుంది గానీ, అదేమిటో ఇంకాస్త బరువెక్కింది. రేపు తెల్లారి బోటు బయల్దేరుతుంది, అందులో ఈ ముసలి మనిషి కొడుకు తోడు లేకుండా వెళ్తాడు.

బస్సొచ్చింది. మసేను ముందెక్కి కిటికీ పక్కన కాకుండా లోపలి సీట్లో కూచున్నాడు. బస్సు కదిలింది. ముత్యాలు కిటికీలోంచి తల బయటపెట్టి, మొగుడి భుజం తట్టింది.

"ఎనక్కి సూడవేటయ్యా? గుంటడు సెయ్యి ఊపతన్నాడు."

మసేను ముందుకే చూస్తున్నాడు. రెండు చేతులా ముందు సీటు కడ్డీ పట్టుకున్నాడు.

"సూసినానంటే దిగిపోయి లాక్కొచ్చెస్తానే. నన్ను సూడమనకు."

మలుపు తిరిగేదాకా ఇద్దరి తరఫునా ముత్యాలే చెయ్యి ఊపింది.